పిట్టగోడకు బలమెక్కడిది?

వేసవి ముదిరినదనగా పాలమూరు ప్రాంతమున సగము కాపురము మిద్దెపైకి చేరును. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పట్టణములలోను, వాని చుట్టుపట్ల పల్లెలలోను పగటిపూట మిద్దెపై వేరుసెనగకాయలు, మిరపకాయలు, వడియములు ఎండబోయుదురు. రాత్రి మంచములు వేసికొని చల్లగాలికి నిద్రింతురు. పిల్లలు గాలిపటములు ఎగురవేయునదియు అక్కడనే. వీధిలో ఊరేగింపు సాగినచో ఇంటిల్లిపాదియు మిద్దె అంచునకు వచ్చి తొంగిచూతురు. ఈ విధముగా మిద్దె ఇంటిలో మరియొక గది. ఆ గదికి ఉన్న గోడ పిట్టగోడ యొక్కటే.

ఇంటిలోని గోడ బీటవారినచో వెంటనే మేస్త్రిని పిలుతురు. పిట్టగోడ కదలినను పట్టించుకొనువారు తక్కువ. అది పైకప్పును మోయుటలేదు గదా యని తలంతురు. అది నిజమే. కాని తక్కిన గోడలు పైనుండి వచ్చు బరువును మోయుచుండగా, పిట్టగోడ ప్రక్కనుండి వచ్చు త్రోపుడును ఆపవలసి యున్నది. ఇటుకకు మొదటి పని సులభము. రెండవ పని మిక్కిలి కష్టము. ఈ భేదమును గ్రహించినచో పిట్టగోడ ఎట్లు కట్టవలెనో, పాతదానిని ఎట్లు మార్చవలెనో, ఇనుప కటకటాలను ఎట్లు బిగింపవలెనో తనంతట బోధపడును.

ఒక్క అంతస్తే గదా!

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 లో ప్రకటించిన లెక్క ప్రకారము ప్రపంచములో ఏటా సుమారు 6,84,000 మంది పడిపోవుటవలన మరణించుచున్నారు. అనుకోని గాయములవలన కలుగు మరణములలో రహదారి ప్రమాదముల తరువాతి స్థానము దీనిదే. మిద్దెలనుండి, మెట్లనుండి, చెట్లనుండి పడినవారు, నేలమీదనే జారిపడిన వృద్ధులు, అందరును ఇందులో చేరుదురు.

ఒక అంతస్తు మిద్దె సుమారు 3 మీటర్ల ఎత్తుండును. అక్కడనుండి పడిన వస్తువు 0.78 సెకనులో నేలను చేరును. చేరునప్పటి వేగము సెకనుకు 7.7 మీటర్లు, అనగా గంటకు 28 కిలోమీటర్లు. రెండంతస్తుల ఎత్తు, అనగా 6 మీటర్లనుండి పడినచో కాలము 1.1 సెకను, వేగము గంటకు 39 కిలోమీటర్లు. ఎత్తు రెండింతలైనను వేగము రెండింతలు కాలేదు, 1.4 రెట్లు మాత్రమే పెరిగినది. పడు వస్తువు వేగము ఎత్తుతో గాక ఎత్తుయొక్క వర్గమూలముతో పెరుగుటయే దీనికి కారణము. దీని తాత్పర్యమేమనగా, రెండంతస్తులనుండి పడినప్పటి వేగములో అధికభాగము మొదటి అంతస్తు ఎత్తునుండి పడినను కలుగును. "ఒక్క అంతస్తే గదా, పిట్టగోడ ఎందుకు?" అను మాటకు ఈ లెక్కయే సమాధానము.

పాత మిద్దె, క్రొత్త మిద్దె

ఈ ప్రాంతపు పాత మిద్దెల గోడలను రాతితోను మట్టితోను మూరెడు మందమున కట్టిరి. గోడలపై దూలములు, వానిపై దంతెలు పేర్చి, కట్టెలు పరచి, ఆపైన మట్టి త్రొక్కి, చివరకు చవుడు మట్టి వేసిరి. చవుటినేలలోని సోడియము లవణములవలన ఆ మట్టి తడిసినప్పుడు సన్నని రేణువులుగా విడివడి రంధ్రములను పూడ్చును. నీరు లోనికి దిగదు. గోడలే కప్పును దాటి మోకాలెత్తు లేచినచో అదే పిట్టగోడ. కొన్ని మిద్దెలకు అదియును లేదు.

క్రొత్త ఇండ్లకు కాంక్రీటు స్లాబు వచ్చినది. స్లాబు అంచున పిట్టగోడను ప్రత్యేకముగా కట్టవలసి వచ్చినది. ఖర్చు తగ్గుటకు, స్లాబుమీద బరువు తగ్గుటకు దానిని 11 సెంటీమీటర్ల మందమున, అనగా వాడుకలో నాలుగున్నర అంగుళముల గోడగా కట్టుదురు. ఎత్తు మాత్రము మూడడుగులో, మూడున్నర అడుగులో ఉండును.

పాత పిట్టగోడ దృఢమైనది, కాని పొట్టిది. క్రొత్త పిట్టగోడ పొడవైనది, కాని పలుచనిది. ఒకదానికి ఎత్తు లేదు, మరియొకదానికి నిలుకడ లేదు. రక్షణకు రెండును కావలెను.

ఎత్తు ఎంత?

మనుష్యుని శరీరపు బరువంతయు ఒక బిందువునందు కేంద్రీకృతమైనట్లు భావింపవచ్చును. దానిని గరిమనాభి యందురు. నిలుచున్న మనుష్యుని గరిమనాభి నేలనుండి అతని ఎత్తులో సుమారు 55 శాతము వద్ద, అనగా బొడ్డునకు కొంచెము దిగువన ఉండును. 165 సెంటీమీటర్ల ఎత్తు గలవానికి ఇది 91 సెంటీమీటర్లు. 180 సెంటీమీటర్ల వానికి 99 సెంటీమీటర్లు.

ఇప్పుడు ఒకడు వెనుకకు నడచుచు, లేదా నిద్రమబ్బున లేచి, పిట్టగోడకు తగిలెననుకొనుడు. గోడ గరిమనాభికంటె ఎత్తుగా ఉన్నచో శరీరము గోడకు ఆనుకొని నిలిచిపోవును. గోడ మోకాలెత్తు మాత్రమే ఉన్నచో, గోడ అంచు ఆలంబనమై, శరీరము తులాదండమువలె దానిపైగా తిరుగును. అప్పుడు గోడ ఆపుటకు మారుగా పడద్రోయును. లేని పిట్టగోడకంటె పొట్టి పిట్టగోడ ఒక్కొక్కప్పుడు అపాయకరమగుట ఇందువలననే. అంచు ఉన్నదను ధీమా కలిగించును, అక్కరకు వచ్చినప్పుడు కాలికి అడ్డుపడును.

భారత జాతీయ భవన నిర్మాణ నియమావళి మొదట 1970 లో వెలువడినది. తరువాత 1983, 2005, 2016 సంవత్సరములలో సవరింపబడినది. మిద్దెలకు, వసారాలకు పిట్టగోడగాని కటకటాలుగాని తయారైన నేలనుండి 1 మీటరుకు తక్కువ ఉండరాదను నియమము అందు కలదు. గరిమనాభి లెక్కను చూచినచో ఈ 1 మీటరు ఎందుకో తెలియును. పొడవైనవారున్న ఇంటిలో 1.1 మీటరు, అనగా మూడున్నర అడుగులకు కొంచెము పైగా ఉంచుట మేలు.

"తయారైన నేలనుండి" అను మాటను గుర్తుంచుకొనవలెను. ఇల్లు కట్టిన కొన్నియేండ్లకు మిద్దె ఉరియుచున్నదనియో, వేడిమి తగ్గవలెననియో పైన మరియొక పొర గచ్చు వేసి పెంకు పలకలు పరతురు. నేల 10 సెంటీమీటర్లు లేచినచో పిట్టగోడ 10 సెంటీమీటర్లు తగ్గినట్లే. పిట్టగోడ ప్రక్కన మంచము వేసి పిల్లవాడు దానిపై నిలుచున్నచో గోడ ఎత్తును మంచపు పట్టెనుండి కొలువవలెను, నేలనుండి కాదు. నీళ్లతొట్టి అరుగు, పూలకుండీల వరుస, ఇసుక కుప్ప, అన్నియు ఇట్టివే.

త్రోపుడు ఎంత?

ఎత్తు సరిపోయిన పిమ్మట బలము సంగతి చూడవలెను. భారతీయ ప్రమాణము ఐ.ఎస్. 875 రెండవ భాగము (1987) పిట్టగోడ పైఅంచున అడ్డముగా ఎంత బలము పడునని లెక్కింపవలెనో చెప్పుచున్నది. సొంత ఇంటి వసారాలకు మీటరు పొడవునకు సుమారు 35 కిలోగ్రాముల భారము. మిద్దెల పిట్టగోడలకు, కటకటాలకు సుమారు 75 కిలోగ్రాములు. బడులు, సినిమాశాలలు మొదలగు జనులు గుమిగూడు చోట్లకు సుమారు 230 కిలోగ్రాములు.

బలమెంత యనునది మాత్రమే చాలదు. ఎక్కడ పనిచేయుచున్నదనునదియు ముఖ్యమే. తలుపును కీలువద్ద నెట్టినచో కదలదు, అంచువద్ద నెట్టినచో తేలికగా తెరచుకొనును. బలమును, అది పనిచేయు దూరమును గుణించినచో వచ్చు ఫలమును బలభ్రామకము అందురు. 1 మీటరు ఎత్తుగల పిట్టగోడ పైఅంచున మీటరుకు 75 కిలోగ్రాముల త్రోపుడు కలిగినచో, గోడను బయటికి త్రిప్పు భ్రామకము 75 × 1 = 75 కిలోగ్రాము-మీటర్లు.

దీనిని ఎదిరించునది గోడ బరువు. గోడ పడవలెనన్న బయటి అంచు చుట్టు తిరుగవలెను. గోడ గరిమనాభి ఆ అంచునకు మందములో సగము దూరమున ఉండును. ఘనమీటరు ఇటుక కట్టడము సుమారు 2,000 కిలోగ్రాములు తూగుననుకొందము.

11 సెంటీమీటర్ల మందము, 1 మీటరు ఎత్తు గల గోడ మీటరు పొడవునకు 220 కిలోగ్రాములు తూగును. దూరము 0.055 మీటరు. భ్రామకము 12.1 మాత్రమే. కావలసినది 75. ఆరవవంతునకు కూడ చాలదు.

23 సెంటీమీటర్ల గోడ 460 కిలోగ్రాములు తూగును. దూరము 0.115 మీటరు. భ్రామకము 53. ఇదియును 75 నకు తక్కువే.

మూరెడు, అనగా 45 సెంటీమీటర్ల మందము, 60 సెంటీమీటర్ల ఎత్తు గల పాత పిట్టగోడ 540 కిలోగ్రాములు తూగును. భ్రామకము 121. ఎత్తు తక్కువగుటచే దానిపై పడు భ్రామకము 75 × 0.6 = 45 మాత్రమే. రెండున్నర రెట్లకు మించిన నిలుకడ కలదు.

పాత మేస్త్రులు ఈ లెక్కలు వేయలేదు. వారి గోడ మందమే వారిని కాపాడినది.

బడిలో చేయదగిన ప్రయోగము

23 సెంటీమీటర్ల పొడవు, 11 సెంటీమీటర్ల వెడల్పు, 7 సెంటీమీటర్ల మందము, 3 కిలోగ్రాముల బరువు గల ఇటుకను గరుకు నేలపై నిలువుగా నిలుపుడు. పైఅంచునకు దారము కట్టి స్ప్రింగు త్రాసుతో అడ్డముగా, మందము వైపునకు మెల్లగా లాగుడు. సుమారు 450 గ్రాముల వద్ద ఇటుక ఒరిగిపోవును. వెడల్పు వైపునకు లాగినచో సుమారు 700 గ్రాములు కావలెను. రెండు ఇటుకలను మందము రెండింతలగునట్లు గట్టిగా జోడించి కట్టి లాగినచో సుమారు 1,800 గ్రాములు కావలెను. బరువు రెండింతలైనది, దూరమును రెండింతలైనది. కనుక బలము నాలుగింతలైనది.

ఆనకట్టలు నిలుచుటయు ఈ సూత్రముపైననే. నాగార్జునసాగరము రాతికట్టడము. దానికి 1955 డిసెంబరు 10 న శంకుస్థాపన జరిగినది. 1967 ఆగస్టు 4 న కాలువలకు నీరు విడిచిరి. ఎత్తు సుమారు 124 మీటర్లు. ఆ పనిలో పాలమూరు కూలీల చెమట ఎంతో కలదు. నీటి త్రోపుడును ఆ కట్ట తన బరువుచేతనే ఎదిరించును. పైన సన్నముగాను, అడుగున మిక్కిలి వెడల్పుగాను కట్టుట బరువునకు దూరమును సమకూర్చుటకే. పిట్టగోడకు అట్లు అడుగున వెడల్పు ఇచ్చుటకు మిద్దెపై చోటు లేదు. కనుక మరియొక ఉపాయము వెదకవలెను.

సిమెంటు పట్టు నమ్మదగినదేనా?

సిమెంటు అతుకు ఉన్నది గదా, అది పట్టుకొనదా యని అడుగవచ్చును. పట్టుకొనును; అందుచేతనే పలుచని గోడలు ఇన్నియేండ్లుగా నిలిచియున్నవి. కాని ఇటుకకు, సిమెంటు గచ్చునకు నొక్కుడును సహించు శక్తి ఎక్కువ, లాగుడును సహించు శక్తి చాల తక్కువ. గోడను బయటికి నెట్టినప్పుడు లోపలివైపు అడుగు అతుకు లాగబడును. అక్కడ బీట ఉన్నచో గోడకు మిగులునది తన బరువొక్కటే.

బీట వచ్చునది సరిగా అక్కడనే. కాంక్రీటు ఒక సెంటీగ్రేడు డిగ్రీ వేడెక్కినచో తన పొడవులో సుమారు లక్షవ వంతు పెరుగును. 10 మీటర్ల స్లాబు 30 డిగ్రీలు వేడెక్కినచో 3 మిల్లీమీటర్లు సాగును. ఇటుక కట్టడము అందులో సుమారు సగమే సాగును. పాలమూరు ఎండలో పగలు సాగుచు, రాత్రి ముడుచుకొనుచు, స్లాబు పిట్టగోడను ఏటేట అడుగున కోయుచుండును. ఆ సన్నని బీటలోనికి వాననీరు దిగును. పైనుండి చూచువారికి సున్నము పూసిన గోడ నిండుగానే కనబడును.

ఇటుక పిట్టగోడకు ఉపాయము

ఉపాయము కాంక్రీటు పొట్టి స్తంభములు. ఒకటిన్నర, రెండు మీటర్లకొకటి చొప్పున నిలిపి, వాని నడుమ ఇటుక కట్టి, పైన అంతటికిని కలిపి కడ్డీలతో కాంక్రీటు పట్టీ వేయవలెను. ఎక్కడ నెట్టినను ఆ పట్టీ బలమును స్తంభములకు పంచును. స్తంభములు దానిని క్రింది దూలమునకు అందించును. ఇటుక నడిమి చోటును నింపును, అంతే.

స్తంభములు 2 మీటర్లకొకటి ఉన్నచో ఒక్కొక్కదానిపై 150 కిలోగ్రాములు పడును. అడుగున భ్రామకము 150 కిలోగ్రాము-మీటర్లు. స్తంభములో లాగుడును మోయు కడ్డీకి, నొక్కుడును మోయు కాంక్రీటునకు నడుమ దూరము 8 సెంటీమీటర్లనుకొన్నచో, కడ్డీలపై లాగుడు 150 ÷ 0.08, అనగా సుమారు 1,900 కిలోగ్రాములు. లోపలివైపున రెండు 10 మిల్లీమీటర్ల ఉక్కు కడ్డీలున్నచో ఈ లాగుడును తేలికగా మోయగలవు. కాని వాని క్రింది కొసలు దూలములోనికి తగినంత దిగి వంగి పట్టుకొని యుండవలెను. స్లాబులో రెండంగుళములు దించిన కడ్డీ చేతికి గట్టిగా తోచును. 1,900 కిలోగ్రాముల లాగుడునకు ఊడివచ్చును. అందుచేత స్లాబు పోయునప్పుడే పిట్టగోడ కడ్డీలను విడిచిపెట్టించుట అన్నిటికంటె చౌక, అన్నిటికంటె మేలు. పాత స్లాబునకైనచో దూలముపైననే రంధ్రములు చేసి, దుమ్ము ఊదివేసి, ఎపాక్సీ జిగురుతో కడ్డీలు నాటుదురు. వాని లోతును ఇంజనీరు నిర్ణయింపవలెను.

క్రొత్తగా గోడ మూసి కట్టునప్పుడు తూములను మరువరాదు. 10 సెంటీమీటర్ల నీరు నిలిచినచో స్లాబుపై చదరపు మీటరుకు 100 కిలోగ్రాముల బరువు చేరును.

ఇనుప కటకటాలు

గోడకు మారుగా ఇనుముతోగాని, స్టెయిన్‌లెస్ స్టీలుతోగాని కటకటాలు పెట్టుట నేడు పట్టణములలో సాధారణమైనది. ఇవి బరువు తక్కువ, గాలిని ఆపవు. కొనునప్పుడు గొట్టపు మెరుగును చూతురు; చూడవలసినది దాని పాదమును.

స్తంభములు 1.5 మీటరుకొకటి ఉన్నచో ఒక్కొక్కదాని తలపై త్రోపుడు 112 కిలోగ్రాములు. పాదమున 10 సెంటీమీటర్ల చదరపు పలక, నాలుగు బోల్టులు ఉన్నవనుకొనుడు. స్తంభమును బయటికి నెట్టినచో పలక బయటి అంచు ఆలంబనమగును. అక్కడనుండి లోపలి బోల్టులు సుమారు 8 సెంటీమీటర్ల దూరమున ఉండును. వానిపై లాగుడు 112 ÷ 0.08 = 1,400 కిలోగ్రాములు; ఒక్కొక్క బోల్టునకు 700. గునపముతో పెద్ద బండను పెకలించునట్టి పనిని ఇక్కడ కటకటాలు బోల్టుమీద చేయుచున్నవి. బోల్టు కాంక్రీటు అంచునకు మరీ దగ్గరగా ఉన్నచో, బోల్టు విరుగదు. దాని చుట్టునున్న కాంక్రీటు పెచ్చుగా ఊడిపోవును. అడుగెత్తు ఇటుక గోడ కట్టి దాని నెత్తిన చిన్న మేకుబోల్టులతో స్టీలు కటకటాలు బిగించుట మరియొక పొరపాటు. అక్కడ బోల్టు పట్టుకొన్నది ఒకటి రెండు ఇటుకలను మాత్రమే. స్తంభము ఇటుక గోడగుండ దిగి స్లాబును, దూలమును చేరవలెను.

తుప్పు పట్టునదియు పాదమే. నీరు నిలుచునది అక్కడ, రంగు ముందుగా లేచునదియు అక్కడ. తుప్పు తాను పుట్టిన ఇనుముకంటె రెండు మొదలు ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమించును. అందుచేత కాంక్రీటులో నాటిన ఇనుము తుప్పుపట్టినచో కాంక్రీటునే చీల్చును. పాదముచుట్టు గచ్చును కొంచెము ఎత్తుచేసి వాలుగా తీర్చినచో నీరు నిలువదు. స్టెయిన్‌లెస్ స్టీలులో 304 రకమునందు సుమారు 18 శాతము క్రోమియము, 8 శాతము నికెలు ఉండును. 202 రకమునందు నికెలును తగ్గించి మాంగనీసును పెంతురు. అది చౌక, వానకు ఓర్చుకొనుట తక్కువ. అయస్కాంతము పెట్టి ఈ రెంటిని వేరుచేయ వీలుకాదు. కొనునప్పుడు రశీదుపై రకమును వ్రాయించుకొనవలెను.

ఇక పిల్లల సంగతి. ఊచల నడుమ సందు 10 సెంటీమీటర్లకు మించరాదు. అమెరికా దేశపు గృహనిర్మాణ నియమములలో 4 అంగుళముల వ్యాసము గల గోళము దూరరాదని ఉండుట ఈ కారణముచేతనే. పసివాని కాళ్లు, మొండెము దూరిన సందులో తల చిక్కుకొనును. అప్పుడు పడుటయేగాక ఊపిరాడకపోవు ప్రమాదము కలదు. 10 సెంటీమీటర్ల అట్టబిళ్ళను కత్తిరించి సందులలో పెట్టి చూచుట సులభమైన పరీక్ష. అడుగు ఊచకు, నేలకు నడుమ సందును కూడ చూడవలెను. ఊచలు నిలువుగా ఉండవలెను. అడ్డముగా ఉన్నచో అవి పిల్లలకు నిచ్చెన మెట్లు. ఇటుకలతో కిటికీ కండ్లవలె సందులు విడిచి కట్టిన పిట్టగోడలును ఇట్లే కాలికి పట్టు ఇచ్చును. పెద్దవారితో పోల్చినచో పిల్లల తల పెద్దది, గరిమనాభి ఎత్తైనది. గోడపై వంగినచో త్వరగా తలక్రిందులగుదురు.

పాతదానిని మార్చునప్పుడు

అపాయము ఎక్కువగా ఉండునది మార్చు దినములలోనే. పాత గోడ తీసిన తరువాత, క్రొత్తది గట్టిపడకముందు మిద్దె అంచు బోసిగా ఉండును. అందుచేత అంతటిని ఒకేసారి పడగొట్టక, ఒక వైపు తీసి, కట్టి, పిమ్మట రెండవ వైపునకు పోవలెను. ముందుగా క్రింద వీధిలోను పెరటిలోను ఎవరును రాకుండ త్రాడు కట్టవలెను. ఇటుకలను పైవరుసనుండి ఒక్కొక్కటిగా, మిద్దె లోపలివైపునకు తీయవలెను. అడుగున కొట్టి బయటికి త్రోయరాదు. తీసిన ఇటుకలను అంచున కుప్పపోయరాదు. అంచునకు ఒక మీటరు లోపల వెదుళ్లతో తాత్కాలికముగా దడి కట్టి, మెట్ల తలుపునకు తాళము వేసి ఉంచవలెను. కాంక్రీటు పట్టీని కనీసము ఒక వారము తడుపవలెను. అంతవరకు దానిపై ఆనుకొనరాదు, బట్టలత్రాడు కట్టరాదు.

విద్యుత్తు తీగలను మొదటనే చూచుకొనవలెను. మిద్దెపైగా పోవు 230, 400 వోల్టుల తీగలకు, చదునైన మిద్దెకు నడుమ నిలువుగా 2.5 మీటర్లు, ప్రక్కగా పోవు తీగలకు అడ్డముగా 1.2 మీటర్లు ఎడము ఉండవలెనని నియమము. ఆరుమీటర్ల స్టీలు గొట్టమును మిద్దెపైకి చేదునప్పుడు ఈ ఎడము చాలదు. గొట్టము కొస తీగను తాకవచ్చును. అట్టిచోట విద్యుత్తు శాఖవారికి చెప్పి ప్రవాహము నిలిపించిన తరువాతనే పని చేయవలెను. ఇంటికి వచ్చు తీగను కటకటాలకు చుట్టరాదు.

పని ముగిసిన పిమ్మట పైఅంచున చేయిపెట్టి లోపలివైపునకు, తరువాత బయటివైపునకు, శరీరము లోపలనే ఉండునట్లు నిలిచి నెట్టిచూడవలెను. కదలిక గాని, పాదమున చప్పుడు గాని ఉండరాదు. బయటి మెట్లకు కూడ ఈ నియమములే వర్తించును. గోడలేని మెట్లు మిద్దెకంటె తక్కువ అపాయకరము కాదు.

బడి వసారా

ప్రమాణము ఇంటి మిద్దెకు 75 కిలోగ్రాములు చెప్పి, బడికి 230 ఏల చెప్పినదో ఉపాధ్యాయులకు వేరుగా చెప్పనక్కరలేదు. గంట కొట్టగానే రెండవ అంతస్తు వసారాలో ఒక మీటరు చోట నలుగురైదుగురు విద్యార్థులు క్రిందికి తొంగిచూతురు. వారి వెనుక మరియొక వరుస త్రోయుచుండును. ఇంటి పిట్టగోడకు ఏడాదికి ఒకటి రెండు సారులు వచ్చు పరీక్ష బడి పిట్టగోడకు దినమునకు నాలుగు సారులు వచ్చును.

పదవ తరగతి విద్యార్థులకు ఇది ఒక మధ్యాహ్నపు పని. కొలబద్దతో పిట్టగోడ ఎత్తును, మందమును, స్తంభముల నడిమి దూరమును కొలిచి, పైన చూపిన విధముగా రెండు భ్రామకములను లెక్కకట్టి, నోటు పుస్తకములో ప్రక్కప్రక్కన వ్రాయవలెను. గోడను నెట్టి చూడవలసిన పని లేదు, కొలతలే చాలును. అడుగున సన్నని బీట ఉన్నచో దాని చివరలను పెన్సిలుతో గుర్తించి తేదీ వేయవలెను. నెల గడచినతరువాత బీట ఆ గుర్తును దాటినచో, ఆ లెక్కను, ఆ తేదీని ప్రధానోపాధ్యాయునికి చూపవలెను. మరమ్మతు జరుగువరకు ఆ వసారా అంచునకు ఒక మీటరు లోపల బల్లలు అడ్డముగా పెట్టించుట ఆ దినముననే చేయదగిన పని.